సహోదర సమూహముతో కూడ

(అధ్యక్షఖండ శతజయంతి కూటములలో ఒక పాస్టరుగారు చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతజయంతి కూటములలో మాట్లాడుమని నన్ను కోరినప్పుడు, మన అధ్యక్షఖండ చరిత్రను చెప్పుటకు నాకంటె యోగ్యులు ఎందరో ఉన్నారని మనవి చేసికొన్నాను. అందుకు కమిటీవారు, "అయ్యగారూ, మీరు వేల్సు దేశము వెళ్లి వచ్చారు గదా, అక్కడ చూచినది చెప్పండి, చాలును" అన్నారు. కనుక నేను చూచిన ఒక చిన్న పల్లెను గురించి, దాని సముద్రతీరమును గురించి చెప్పుచున్నాను. ఆ పల్లె పేరు అబర్‌డారన్. లండను చూచి వచ్చినవారు మనలో కొందరున్నారు గాని, ఈ పల్లె పేరు విన్నవారు ఉండరేమో. అయినను నేను ఏండ్ల తరబడి మోయుచు వచ్చిన ఒక బరువు ఆ పల్లెలో కొంత తేలికయైనది. అది ఎట్లు జరిగినదో మీకు చెప్పవలెనని నా ఆశ.

ముందుగా నన్ను గురించి ఒక మాట. నేను దివిసీమవాడను. సముద్రమునకు దగ్గరలో పుట్టి పెరిగినను, సముద్రమనిన నాకు చిన్నతనము నుండి భయమే. మా ప్రాంతపు పెద్దలు రెండు ఉప్పెనలను గురించి చెప్పుకొనుట పరిపాటి. ఒకటి 1864వ సంవత్సరము నవంబరు 1న బందరును ముంచినది. దానిలో సుమారు ముప్పదివేలమంది నశించినట్లు చరిత్ర చెప్పుచున్నది. రెండవది 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చినది. దానిలోను వేలాదిమంది పోయారు. వారిలో మా నాయనమ్మ ఒకరు. ఆమె బైబిలు స్త్రీగా పనిచేసేవారు. చేతిసంచిలో బైబిలు, పాటల పుస్తకము పెట్టుకొని, చెప్పులు లేని కాళ్లతో పొలముగట్ల వెంట నడచి, పేటపేటకు తిరిగి ప్రార్థనలు జరిపించేవారట. నేను ఆమెను చూడలేదు. నేను పుట్టుటకు మూడేండ్ల ముందే ఆ ఉప్పెన వచ్చినది. మా నాయనగారు అప్పుడు గుంటూరులో చదువుచున్నందున బ్రదికారు. ఆయన ఊరు చేరుసరికి వారము దినములు గడచినవి. అప్పటికే దొరికిన దేహములను గుంటలు త్రవ్వి ఒక్కచోట పూడ్చివేశారు. ఎవరు ఎవరో గుర్తుపట్టు స్థితి లేదు.

అందువలన మా యింటికి సమాధి లేదు. ప్రతి సంవత్సరము నవంబరు 2న సమాధుల పండుగనాడు అందరు తమ తమ వారి సమాధులకు సున్నము వేసి, పూలు చల్లి, క్రొవ్వొత్తులు వెలిగించుచుండగా, మా నాయనగారు మాత్రము సమాధుల దొడ్డి గేటువద్ద నిలువబడి వెలిగించిన క్రొవ్వొత్తిని చేతిలోనే పట్టుకొని ఉండేవారు. "దీనిని ఎక్కడ పెట్టమంటావురా?" అని ఒకసారి నన్ను అడిగారు. అప్పుడు నాకు పది పండ్రెండేండ్లు. ఏమి చెప్పగలను? వేదాంత కళాశాలలో చదివి పట్టము పుచ్చుకొన్న తరువాత కూడ ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయినది. ఎందరికో భూస్థాపన కార్యక్రమములు జరిపించాను, ఎందరినో ఆదరించాను. ఆ ఒక్క ప్రశ్న మాత్రము నాలో అట్లే ఉండిపోయినది.

ఇక ప్రయాణము సంగతికి వచ్చెదను. గత సంవత్సరము జూన్ మాసములో అక్కడి సంఘములవారి ఆహ్వానముమీద మూడు వారములు వేల్సులో ఉండు భాగ్యము నాకు కలిగినది. వేల్సు దేశము ఇంగ్లండుకు పడమట నున్నది. దాని వాయవ్య భాగమున ల్లీన్ అను ద్వీపకల్పము చాచిన చేయివలె ఐరిష్ సముద్రములోనికి పోయినది. ఆ చేతి కొనయందున్న పల్లెయే అబర్‌డారన్. వారి భాషలో 'అబర్' అనగా ఏటి ముఖద్వారము. డారన్ అను చిన్న యేరు అచ్చట సముద్రములో కలియుచున్నది గనుక ఆ పేరు వచ్చినది. ష్రూస్‌బరీ నుండి రైలులో బయలుదేరితే సగము దారి కొండలమధ్య, మిగిలిన సగము సముద్రపు ఒడ్డున సాగుతుంది. బార్మౌత్ అను ఊరివద్ద ఒక నది సముద్రములో కలియుచోట 1867లో తెరచిన పొడవైన కొయ్య వంతెన మీదుగా రైలు మెల్లగా పోతుంది. పుల్‌హెలి అను చోట రైలుమార్గము ఆగిపోవును. అక్కడనుండి సుమారు పదునైదు మైళ్లు బస్సులో వెళ్లవలెను. రాతిగోడల మధ్య ఇరుకు దారి. ఇరుప్రక్కల గొర్రెలు మేయు పచ్చిక బయళ్లు. చివరి వంపు తిరిగేసరికి ఒక్కసారిగా క్రిందను సముద్రము కనబడినది. బస్సులోనివారు ఆనందముగా చూచుచున్నారు. నా చేతులు మాత్రము ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకొన్నవి.

ఊరు చాల చిన్నది. ఏటిమీద ఒక చిన్న రాతి వంతెన, తెల్లసున్నము వేసిన కొన్ని యిండ్లు, రెండు మూడు అంగళ్లు, మైలు పొడవున ఇసుకతీరము, ఆ ఇసుకను ఆనుకొని ఒక గుడి. చుట్టుప్రక్కల పల్లెలను కలుపుకొన్నను 2011 జనాభా లెక్కలలో అక్కడివారు వెయ్యిమందికి లోపే. వారిలో పదిమందిలో సుమారు ఏడుగురు వేల్షు భాష మాట్లాడువారు. వంతెన దగ్గర ఒక పాత కట్టడమున్నది. దానిని 'గెగిన్ వౌర్' అని పిలుతురు, అనగా పెద్ద వంటశాల. 1300 ప్రాంతమున కట్టినదని చెప్పుదురు. ఆ కాలమున యాత్రికులు కాలినడకన ఎంతో దూరమునుండి వచ్చి, ఎదుటనున్న ద్వీపమునకు దాటుటకు ముందు ఇక్కడ భోజనము చేసేవారట. ఇప్పుడది ఫలహారశాల. నేనును అక్కడ కూర్చుండి టీ, రొట్టె తీసికొన్నాను. ఏడువందల ఏండ్లుగా ప్రయాణికులకు అన్నము పెట్టిన యిల్లది. మన కన్వెన్షన్లకు బండ్లుకట్టుకొని వచ్చినవారికి పెద్ద గుండిగలలో వండి వడ్డించిన మన తల్లులు నాకు జ్ఞాపకము వచ్చారు.

నాకు బస ఇచ్చిన వృద్ధురాలైన అమ్మగారి యిల్లు తీరమునకు ఎదురుగనే ఉన్నది. ఆమె ప్రేమతో సముద్రము కనబడు గదినే నాకిచ్చారు. జూన్ నెల కాబట్టి రాత్రి పది దాటినను వెలుతురు పోలేదు. పరుండిన తరువాత అలల చప్పుడు గోడకు తగిలినట్లే వినిపించినది. నాకు నిద్రపట్టలేదు. తెల్లవారిన తరువాత ఆమె నా ముఖము చూచి, "పాస్టరుగారూ, మా సముద్రము మిమ్మును నిద్రపోనివ్వలేదా?" అని అడిగారు. అప్పుడు మా నాయనమ్మ సంగతి ఆమెతో చెప్పాను. ఆమె చాలసేపు ఏమియు అనలేదు. తరువాత, "మీరు మా గుడికి వెళ్లండి. అదియు సముద్రమునకు భయపడిన గుడియే" అన్నారు.

ఆ మాటకు అర్థమేమో గుడి చరిత్ర విన్న తరువాత తెలిసినది. దానిపేరు సెయింట్ హవిన్ గుడి. ఆరవ శతాబ్దమునుండి అక్కడ ఆరాధన జరుగుచున్నదని చెప్పుదురు. ఇప్పుడున్న కట్టడములో పాత భాగము పండ్రెండవ శతాబ్దమునాటిది. అర్ధచంద్రాకారపు రాతి ద్వారము కాలముచేతను, ఉప్పుగాలిచేతను అరిగిపోయి ఉన్నది. తరువాతి కాలమున జనము చాలక ప్రక్కన అంతే పెద్దదైన మరియొక భాగమును చేర్చారు. అందువలన లోపల రెండు గుళ్లు ప్రక్కప్రక్కన ఉన్నట్లుండును. మధ్య గోడ లేదు, కమానులు మాత్రమే. 1115లో దక్షిణ వేల్సు రాజకుమారుడగు గ్రిఫిద్ అప్ రీస్ ప్రాణభీతితో పరుగెత్తి వచ్చి ఈ గుడిలో చొచ్చాడు. ఉత్తరదేశపు రాజు అతనిని పట్టి ఇంగ్లండు రాజునకు అప్పగింప జూచాడు. గుడిలోనుండి ఈడ్చుకొని రమ్మని భటులను పంపగా, అక్కడి గురువులు అడ్డునిలిచి లోనికి రానియ్యలేదు. ఆ యువకుడు తప్పించుకొని దక్షిణదేశము చేరాడు. దేవుని మందిరము శరణు జొచ్చినవానిని విడిచిపెట్టదని ఆ గురువులు తమ ప్రాణములకు తెగించి చూపించారు.

అట్టి గుడిని 1841లో విడిచిపెట్టారు. సముద్రము సమాధుల దొడ్డిని కోసివేయుచు దగ్గరకు వచ్చినది. గోడలు శిథిలమైనవి. ఊరికి ఎగువను మెట్టమీద క్రొత్త గుడి కట్టించారు. ఆ 1841వ సంవత్సరము మనకును జ్ఞాపకముండదగినది. ఆ యేటనే నోబుల్, ఫాక్స్ అను ఇద్దరు మిషనరీలు బందరు వచ్చి మన తెలుగు ప్రజలమధ్య పని ప్రారంభించారు. ఇక్కడ ఒక సంఘము పుట్టుచుండగా అక్కడ ఒక సంఘము తన పాత గుడిని వదలుకొనుచున్నది. కాని అబర్‌డారన్ ప్రజలకు క్రొత్త గుడి నచ్చలేదు. గాలికి, వానకు భద్రముగా ఉన్నను దానిలో వారి మనస్సు నిలువలేదు. చివరకు పాత గుడిని బాగుచేసి 1868లో తిరిగి దానిలోనికి వచ్చారు. సముద్రమునకు అడ్డముగా రాతిగోడ కట్టుకొన్నారు. ఇరువదియేడు సంవత్సరములు విడిచిన గుడి ఈనాడును నిలిచియున్నది.

ఎందుకు తిరిగి వచ్చారని అమ్మగారిని అడిగాను. "మా వాళ్లందరు అక్కడే పరుండి ఉన్నారు గదా. వాళ్లను సముద్రము ఒడ్డున విడిచి మేము మెట్టమీదికి ఎట్లు పోవుదుము?" అన్నారు. ఆమె పుట్టుటకు ఎంతో ముందు జరిగిన సంగతి అది. అయినను 'మేము' అన్నారు. సంఘము అనగా ఏమియో వేదాంత గ్రంథములలో చదివాను గాని, ఆ ఒక్క 'మేము'లో ఇంకను బాగుగా తెలిసికొన్నాను.

మరునాడు తీరము వెంబడి నడచాను. వేల్సు దేశమంతటికి సముద్రతీరము పొడవున కాలిబాట యున్నది. 2012 మే మాసమున దానిని తెరచారు. పొడవు 870 మైళ్లు. ఆ బాట అబర్‌డారన్ మీదుగా పోవుచున్నది. ఒక ప్రక్క ఏటవాలు గట్లు, క్రింద నల్లని బండలమీద విరుగు అలలు. గట్లమీద గడ్డిలో గులాబిరంగు చిన్న పూలు, ముళ్లపొదలకు పసుపుపచ్చని పూలు. మన కాకివంటిదే ఒక పక్షి, దాని ముక్కును కాళ్లును ఎర్రగా ఉండును, గాలిలో పల్టీలు కొట్టుచు ఆడుకొనుచున్నది. తీరమునకు ఎదురుగా రెండు చిన్న దీవులున్నవి. వేసవిలో పఫిన్ అను రంగుముక్కు పక్షులు అక్కడ గూళ్లు పెట్టును. రెండు మైళ్ల అవతల పోర్థోర్ అను మరియొక ఇసుకతీరమున్నది. అక్కడి ఇసుకరేణువుల తీరునుబట్టి, పొడి ఇసుకమీద పాదము జార్చి నడచితే కిచకిచమని చప్పుడు వచ్చును. ఒక చిన్నపిల్ల నాకు ఎట్లు నడవవలెనో చూపించినది. చాలకాలమునకు సముద్రపు ఒడ్డున నేను నవ్వాను.

చివరకు మిట్టమీదికి ఎక్కాను. అక్కడనుండి చూచితే భూమి అంతమైనది, ఎదుట రెండు మైళ్ల దూరమున ఎన్‌ల్లి ద్వీపము. ఇంగ్లీషువారు దానిని బార్డ్‌సీ అందురు. మైలు పొడవు, అర మైలుకు కొంచెము మించిన వెడల్పు. ఆరవ శతాబ్దములో కాద్వన్ అను భక్తుడు అక్కడ మఠము స్థాపించాడని పారంపర్యము. ఇరువది వేలమంది పరిశుద్ధులు అక్కడ సమాధి చేయబడియున్నారని ప్రతీతి. అంత చిన్న దీవిలో అంతమంది నిజముగా ఉన్నారా అని లెక్కవేయుట మన పని కాదు. మధ్యయుగములలో మూడుసార్లు ఎన్‌ల్లికి పోయినవాడు ఒకసారి రోముకు పోయినవానితో సమానమని ఎంచేవారు. 1537లో ఇంగ్లండు రాజు అక్కడి మఠమును మూయించాడు. గంట గోపురపు శిథిలము మాత్రము మిగిలినది. 1821లో కట్టిన చతురస్రపు దీపస్తంభమొకటి ఇప్పటికిని నిలిచియున్నది.

దీవికిని నేలకును మధ్యనున్న జలసంధిలో ప్రవాహములు బలమైనవి. గాలి కొంచెము ఎక్కువైనను పడవలు కదలవు. నేను పోదలచిన రెండు దినములును పడవ లేదన్నారు. ఉన్నది ఉన్నట్లు చెప్పుచున్నాను, ఆ మాట విని నాకు సంతోషమే కలిగినది. పూర్వము యాత్రికులు కూడ దినములు, వారములు ఒడ్డున కనిపెట్టుకొని ఉండేవారట. ఆ గట్టుక్రింద బండలలో మేరీ బావి అని ఒక ఊటయున్నది. పోటు వచ్చినప్పుడు సముద్రము దానిని ముంచివేయును. ఆటు సమయమున నీరు తీసిన తరువాత చూచితే ఊట మంచినీరే. దాటబోవు యాత్రికులు ఆ నీరు త్రాగేవారని చెప్పుదురు. ఉప్పునీటిచేత దినమునకు రెండుసార్లు ముంచబడుచు తీపిదనము పోగొట్టుకొనని ఆ ఊటను తలంచినప్పుడు, మా దివిసీమ సంఘములు నాకు జ్ఞాపకము వచ్చినవి. ఉప్పెన తగ్గిన తరువాత వచ్చిన మొదటి ఆదివారమున, గుడి లేకపోయినను, మిగిలినవారు కూడుకొని ఆరాధించారని మా నాయనగారు చెప్పగా విన్నాను.

ఆ మిట్టమీదనుండి తూర్పునకు తిరిగి చూచితే సముద్రపు వంపునకు అవతల నీలముగా కొండలు కనబడును. వాటిలో కాదైర్ ఇద్రిస్ అను కొండను ఒకాయన నాకు చూపించారు. ఆ కొండ క్రింది లోయలోనిదే మన సండే స్కూలు పిల్లలందరు ఎరిగిన మేరీ జోన్స్ అను బాలిక. 1800లో, పదునైదేండ్ల వయస్సున, పైకము కూడబెట్టుకొని, వేల్షు బైబిలు కొరకు ఇరువది అయిదు మైళ్లు నడచి బాలా అను ఊరికి పోయినది. ఆ సంగతి అనేకులను కదిలించినది. 1804లో లండనులో బైబిలు సొసైటీ ఏర్పడుటకు అదియు ఒక ప్రేరణ అని చెప్పుదురు. ఆ సొసైటీ సాయమున ఎన్ని భాషలలో దేవుని వాక్యము అచ్చుపడినదో, మన తెలుగువారికి ఎంత మేలు జరిగినదో మీకు తెలియును. వేల్షు భాషకు పూర్తి బైబిలు 1588లోనే వచ్చినది, విలియం మోర్గాన్ అను గురువు దానిని అనువదించాడు. ప్రక్కను ఇంగ్లీషు అంత బలముగా ఉన్నను ఆ భాష బ్రదికి నిలుచుటకు ఆ గ్రంథము ఒక ముఖ్య కారణమని అక్కడివారందరు ఒప్పుకొందురు.

ఆ ఆదివారము గుడిలో ఆరాధన వేల్షు, ఇంగ్లీషు భాషలలో జరిగినది. మేము ఇరువదిమందిమి ఉన్నాము. ఎక్కువమంది నెరసిన తలలవారే. వేల్సులో ఎన్నో ప్రార్థనాలయములు మూతపడినవని మీరు వినియుందురు, అది సత్యమే. అయినను ఆ ఇరువదిమంది వేల్షు పాట ఎత్తుకొన్నప్పుడు నాలుగు స్వరములతో గుడి నిండిపోయినది. కిటికీ అవతల సముద్రమున్నది. ఈ గుడిలో 1967 నుండి 1978 వరకు వికారుగా పనిచేసిన ఆర్. ఎస్. థామస్‌గారు ఇంగ్లీషు సాహిత్యములో పేరొందిన కవి. దేవుడు మౌనముగా ఉన్నప్పుడు విశ్వాసి ఏమి చేయవలెనన్న ప్రశ్నను ఆయన తన కవిత్వములో దాచక పలుమారులు అడిగినవారు. ఒక పాదిరి అట్టి ప్రశ్నను బహిరంగముగా అడుగవచ్చునా అని చిన్నప్పుడైతే అనుకొనియుందును. ఆ కిటికీ ప్రక్కన కూర్చుండినప్పుడు, అడిగినందుకే ఆయనయెడల నాకు గౌరవము కలిగినది.

ఆరాధన ముగిసిన తరువాత గుడిలోనున్న రెండు పాత రాళ్ల దగ్గరకు నన్ను తీసికొని వెళ్లారు. ఎత్తైన, చెక్కని బండరాళ్లు. సుమారు పదునైదు వందల ఏండ్లనాటివి. అక్కడికి దగ్గరలోని ఒక కొండ పాదమున దొరికి, చాలకాలము వేరొకచోట ఉంచబడి, తుదకు ఈ గుడికి చేర్చబడినవి. రెండింటిమీదను లాటిను అక్షరములున్నవి. ఒకదానిమీద వెరాకియుస్ అను గురువు ఇచ్చట ఉన్నాడని వ్రాసియున్నది. రెండవదానిమీద సెనాకుస్ అను గురువు ఇచ్చట ఉన్నాడని, అంతటితో ఆగక, 'సహోదర సమూహముతో కూడ' అని వ్రాసియున్నది. లాటిను ఎరిగినవారు ఆ చివరి మాటలో విభక్తి తప్పున్నదని చెప్పుదురు. చెక్కినవాడు పండితుడు కాడు. అయినను చెప్పవలసినది చెప్పాడు.

నేను ఆ రాతియెదుట చాలసేపు నిలువబడ్డాను. ఆ గురువు ఏ మఠమునకు పెద్దయో, ఏ గ్రంథములు వ్రాశాడో, ఎన్ని గుళ్లు కట్టించాడో ఆ రాయి చెప్పదు. అతనిని గురించి పదునైదు వందల ఏండ్లుగా నిలిచిన మాట ఒక్కటే. అతడు ఒంటరిగా లేడు. తన సహోదరులతో ఉన్నాడు. ఆ సహోదరుల పేర్లు ఏ రాతిమీదను లేవు. వారు లెక్కకు రారనియా? కాదు. గురువు పేరు నిలిచినదే వారితో కలిసి. వారు అతని ప్రక్కనుండుటయే అతనికి బిరుదు. అప్పుడు నాకు మా దివిసీమ గుంటలు కన్నులయెదుట నిలిచినవి. మా నాయనమ్మ దిక్కులేని చోట పడియున్నదని ఇన్నేండ్లు దుఃఖించాము. ఆమె ఎవరికి పాటలు నేర్పినదో, ఎవరి బిడ్డల జ్వరములకు ప్రార్థన చేసినదో, ఎవరి గడపలో కూర్చుండి గంజి త్రాగినదో, ఆ జనముతోనే ఉన్నది. ఆమెకు రాయి లేదు గాని, సెనాకుస్‌కు చెక్కిన మాట ఆమెకును చెల్లును.

అక్కడ మరియొక సంగతి ఉన్నది. ఆ గుడిలో గులకరాళ్ల కుప్పయున్నది. వచ్చినవారు తీరమున ఒక రాయి ఏరి, తమకు ప్రియమైనవారి పేరు దానిమీద వ్రాసి అక్కడ ఉంచుదురు. నేనును ఇసుకలోనికి దిగి, అల వచ్చి పాదములు తడిపినను వెనుకకు జరుగక, ఒక నల్లని రాయి ఏరి తెచ్చి, తెలుగు అక్షరములతో మా నాయనమ్మ పేరు వ్రాశాను. రాతిమీద ఆమె పేరు వ్రాయబడుట అదే మొదటిసారి. కుప్పలో పెట్టబోవుచుండగా అమ్మగారు, "యేడాది చివర ఈ రాళ్లన్నిటిని ప్రార్థనచేసి మరల సముద్రములో వేయుదుము" అన్నారు. నా చేయి ఆగిపోయినది. మరల సముద్రమునకేనా? ఒకసారి ఇచ్చితిమి, అది చాలదా? ఆ రాయిని జేబులో వేసికొని మా నాయనగారికి తెచ్చి ఇవ్వవలెనని గట్టిగా అనిపించినది.

ఆమె నన్ను తొందరపెట్టలేదు. నేను కూర్చుండి ఆలోచించాను. యోహాను కూడ ఒక ద్వీపమున, చుట్టును సముద్రము మ్రోగుచుండగా దర్శనము చూచినవాడే. ప్రకటన గ్రంథము ఇరువదవ అధ్యాయములో సముద్రము తాను మ్రింగినవారిని తిరిగి అప్పగింపవలసివచ్చు దినమును అతడు చూచాడు. ఆ అధ్యాయమును నేను ఎన్నో భూస్థాపనలలో చదివాను. ఇతరులకు చదివిన మాటను నాకొరకు నమ్ముట ఎంత కష్టమో ఆ దినము తెలిసినది. సముద్రము ఆమెకు యజమాని కాదు, అప్పు పుచ్చుకొన్నది మాత్రమే. ఆ అప్పు తీర్చకుండ దానికి విడుదల లేదు. లేచి, ఎవరెవరి పేర్లో వ్రాసియున్న రాళ్లమధ్య ఆ రాయిని ఉంచాను. ఆ రాత్రి అలల చప్పుడు వినబడుచునే ఉన్నది గాని, నిద్రపోయాను.

ప్రియులారా, తిరిగివచ్చి ఈ సంగతులన్నియు మా నాయనగారితో చెప్పాను. ఆయన రాయిని తేలేదని నన్ను తప్పుపట్టలేదు. "అక్షరములు సరిగా వ్రాశావా?" అని మాత్రము అడిగారు. గత నవంబరు 2న ఆయన గేటువద్ద నిలువలేదు. కఱ్ఱ పట్టుకొని మెల్లగా లోనికి నడచి, సమాధుల దొడ్డి నడుమ అందరికి ఉమ్మడిగా నున్న సిలువ పాదమున తన క్రొవ్వొత్తి పెట్టారు. సమాధి లేనివారు మరి కొందరు మా ఊరిలోనున్నారు. వారును వచ్చి ఆ ప్రక్కనే పెట్టారు. చూచుచుండగనే అక్కడ ఒక చిన్న వెలుగు కుప్ప ఏర్పడినది.

ఇప్పుడు మన శతజయంతి సంగతి. ఈ సంచికలో మన బిషప్పుల చిత్రములు, మిషనరీల పేర్లు, పాస్టర్ల పట్టీలు ఉన్నవి. ఉండవలసినదే, అవి మన గౌరవము. కాని వారిలో ఎవరును ఒంటరిగా పనిచేయలేదు. జీతము తక్కువైనను పల్లెబడి మానని ఉపదేశులు, బైబిలు స్త్రీలు, తెల్లవారుజామున గంట కొట్టినవారు, గుడి కట్టునప్పుడు పిడికెడు బియ్యము తీసి పెట్టిన తల్లులు, ఇటుకలు మోసినవారు, వీరందరు ఆ సహోదర సమూహము. వారి పేర్లు ఎరిగిన వృద్ధులు మనలో ఇంకను కొందరున్నారు. పదేండ్లకు ఉండకపోవచ్చును.

కనుక నా మనవి ఇది. ప్రతి సంఘములో ఒక నోటుపుస్తకము కొనండి. యౌవనులు ఆదివారము ఆరాధన తరువాత ఒక గంట వృద్ధులయొద్ద కూర్చుండి అడిగి వ్రాయండి: మన గుడిలో మొదట బాప్తిస్మము పొందినవారెవరు? గంట కొట్టినదెవరు? పాటలు నేర్పినదెవరు? విభక్తులు తప్పైనను పరవాలేదు. అబర్‌డారన్‌లో రాయి చెక్కినవానికి వ్యాకరణము సరిగా రాదు, అయినను అతని మాట పదునైదు వందల ఏండ్లు నిలిచినది. మా నాయనమ్మ పేరు ఈ ప్రసంగములో నేను చెప్పలేదు. అది మా సంఘపు పుస్తకములో మొదటి పుటలో వ్రాయబడినది. మీ సంఘపు పుస్తకములో మొదటి పేరు ఎవరిదో మీరే తెలిసికొనవలెను.

మనము నూరేండ్లు నడచి వచ్చిన త్రోవలో మనకు ముందు నడచినవారందరితో కూడ మనలను ఒక్క సమూహముగా నిలువబెట్టుకొను దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.